ఆవిడ ఆగిపోయిన చోటు

చిన్నీ,

నిన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచలేదు. నువ్వు తీస్తున్న డాక్యుమెంటరీలో ఆ పెద్దావిడ చిన్నప్పటి క్యాంపు రోజులు చెబుతూ మధ్యలో ఆగిపోయారని, ఆ చోటు సాగదీసినట్టుందని మీవాళ్లు తీసేయమంటున్నారని అన్నావు. నన్నడిగితే తీసేయొద్దు.

నువ్వు చూడమన్న లాంజ్‌మన్ డాక్యుమెంటరీ 'షోవా', నాజీలు యూదుల్ని ఊచకోత కోసిన హోలోకాస్ట్ గురించినది, రాత్రిళ్లు వంటిల్లు సర్దుకున్నాక కొంచెం కొంచెంగా చూశాను. తొమ్మిదిన్నర గంటలు, అందులో పాత ఫిల్మ్ ముక్క ఒక్కటీ లేదు. అబ్రహాం బోంబా దగ్గరే నా మనసు ఆగిపోయింది. పోలండ్‌లో నాజీలు నడిపిన చావు క్యాంపు ట్రెబ్లింకాలో, చంపబోయే ఆడవాళ్ల జుట్టు ఆయన చేత కత్తిరించారు. లాంజ్‌మన్ ఆయన్ని ఇజ్రాయెల్‌లో ఒక సెలూన్‌లో నిలబెట్టి, ఒకాయనకి కటింగ్ చేస్తుండగా మాట్లాడించాడు. కత్తెర ఆడుతున్నంతసేపూ ఎవరి సంగతో చెబుతున్నట్టే చెప్పాడు. తన ఊరివాడే, తనతోపాటు పనిచేసే ఇంకో బార్బర్, సొంత భార్యా తోబుట్టువూ గ్యాస్ పెట్టి చంపే ఆ గదిలోకి రావడం చూశాడని చెప్పాక ఇక గొంతు పెగల్లేదు. మొహం తుడుచుకుంటాడు, పెదవులు కదుపుతాడు, మాట రాదు. కెమెరా ఆయన మీదే ఉంటుంది. వద్దని బతిమాలితే లాంజ్‌మన్ చెప్పక తప్పదన్నాడు. ఆ మాటకి నాకు కోపం వచ్చింది, ఇంకా పోలేదు. నువ్వు ఎవర్నీ అలా బలవంతపెట్టకమ్మా. కానీ ఆ మౌనం తీసేసి ఉంటే, వాళ్లతో ఇంకొక్క నిమిషం ఉండాలని ఆ స్నేహితుడు తాపత్రయపడ్డాడని బోంబా తర్వాత చెప్పిన మాట మామూలు సమాచారంలా వినిపించేది.

1945లో జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్ నాజీ క్యాంపులో బ్రిటిష్ సైనిక కెమెరామెన్లు తీసిన రీళ్లతో నిర్మాత సిడ్నీ బెర్న్‌స్టైన్ ఓ సినిమా మొదలుపెట్టాడు. దానికి దర్శకుడు హిచ్‌కాక్ ఇచ్చిన సలహా ఏమిటో తెలుసా? షాట్లు వీలైనంత పొడుగ్గా, కట్ లేకుండా ఉండాలని. రేపెవరూ ఇదంతా అతికించిన అబద్ధం అనకూడదని. మూలపడ్డ ఆ సినిమాని ఇంపీరియల్ వార్ మ్యూజియం 2014లో గానీ పూర్తి చేయలేదు. గొంతులూ మొహాలూ కంప్యూటర్‌లో పుట్టిస్తున్న ఈ రోజుల్లో ఆ జాగ్రత్త నీకు ఇంకా ఎక్కువ కావాలి.

ఇంకోటి. సినిమాలో వాడని ఫుటేజీ కూడా చెరిపేయకు. లాంజ్‌మన్ పక్కనపెట్టిన 200 గంటల పైచిలుకు ఇప్పుడు వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియంలో భద్రంగా ఉంది. ఆవిడ ఒప్పుకుంటే మొత్తం రికార్డింగ్ ఏదైనా ఆర్కైవ్‌కి ఇవ్వు. ఇంకో హార్డ్ డిస్క్‌కి డబ్బులు వేశాను, రెండో కాపీ వేరే ఇంట్లో పెట్టు.

వేళకి తిను.

అమ్మ