చెవిపోగు ఊడితే గేదె మాది కాకుండా పోతుందా?

ఆంధ్రప్రదేశ్ పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. మాది పల్నాడు జిల్లాలో చిన్న ఊరు. ఎకరంన్నర పొలం, రెండు ముర్రా గేదెలు. పొలం మీద వచ్చేది పెట్టుబడికే సరిపోతుంది. ఇల్లు గడిచేది పాల బిల్లుతోనే.

పోయిన వానాకాలం ఒక గేదె గురక వ్యాధితో చచ్చిపోయింది. సాయంత్రం కుడితి ముట్టలేదు. రాత్రికి గొంతు కింద వాపు, గురక. తెల్లారేసరికి ప్రాణం లేదు. ఈని రెండు నెలలే అయింది. దూడ చాన్నాళ్లు ఆ గుంజ దగ్గరికే పోయి అరిచేది.

బీమా ఉంది కదా అని ధైర్యం చెప్పుకున్నాం. ప్రీమియంలో మా వాటా 15 శాతమే, మిగతా 85 శాతం కేంద్రం, రాష్ట్రం కడుతున్నాయి. మంచి పథకం, నేను కాదనను. డాక్టరు గారు వచ్చి పోస్టుమార్టం చేసి సర్టిఫికెట్ రాసిచ్చారు. కానీ గేదెను గుర్తుపట్టడానికి చెవికి వేసే పసుపు ప్లాస్టిక్ పోగు లేదు. ఎప్పుడు ఊడిందో మేం చూసుకోలేదు. చెవి చీరుకుపోయిన గుర్తు మాత్రం ఉంది. పోగు లేదు కాబట్టి డబ్బు రాదన్నారు బీమా వాళ్లు.

గేదె గుంజకు రాసుకుంటుంది, ముళ్లకంపలో దూరుతుంది, పక్క గేదెతో కుమ్ములాడుతుంది. ప్లాస్టిక్ పోగు ఊడదని ఎవరు చెప్పగలరు? ఊడితే వెంటనే చెప్పి కొత్తది వేయించుకోవాలట. ఎవరికి చెప్పాలి? పాలసీ కాగితం మీద ఉన్న నంబరుకు చేస్తే ఆఫీసులో అడగమన్నారు, ఆఫీసుకు పోతే నంబరుకు చేయమన్నారు.

ఆ పోగు మీది 12 అంకెల నంబరుతోనే టీకాలు, ఎద సూదులు (కృత్రిమ గర్భధారణ) అన్నీ ప్రభుత్వ కంప్యూటర్లో ఎక్కుతాయి. బీమా చేసిన రోజు నన్ను గేదె పక్కన నిలబెట్టి ఫొటో తీశారు. నుదుటి మీద తెల్ల మచ్చ అందులో కనిపిస్తుంది. మనిషికి వేలిముద్ర ఎలాగో గొడ్డుకు ముట్టె ముద్ర అలాగే, ఒకదానిది ఇంకోదానికి ఉండదు. బీమా రోజునే ఆ ముద్ర కూడా తీసి పెట్టించండి. పోగు లేకపోతే ముద్ర, ఫొటో, డాక్టరు గారి సర్టిఫికెట్ చూసి డబ్బు ఇవ్వమని ఆదేశించండి. ఊడిన పోగుకు బదులు కొత్తది రైతు సేవా కేంద్రంలోనే వేసి, రెండు నంబర్లూ కలిపి రాసి, మా ఫోనుకు మెసేజ్ పంపించండి.

ఇంకో మాట. మా పాలసీలో గేదె విలువ 30 వేలు. కొన్నది 85 వేలకు. ఆ డబ్బు వచ్చినా సగం గేదె కూడా రాదు. విలువ కట్టేటప్పుడు సంతలో ధర చూడమనండి. గేదె పోయినా అప్పు వాయిదా మాత్రం ఆగలేదు. ఇప్పుడు ఒక్క గేదె పాలతోనే కడుతున్నాం.

ఆ మిగిలిన గేదె పోగు కూడా వదులైంది. రోజూ పొద్దున పాలు పితికే ముందు చెవి తడిమి చూసుకుంటున్నాను. మా కేసు మళ్లీ చూడమని చెప్పండి, అలాగే పోగు ఊడితే ఎవరికి ఫోన్ చేయాలో ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీద రాయించండి.

ఇట్లు,
పల్నాడు జిల్లా పాడి రైతు