చేతులు కట్టేశాక లాఠీ ఎందుకు లేచింది?

సంపాదకులకు నమస్కారం.

అరెస్టు చేసేటప్పుడు పోలీసులు కొట్టారని ఏదో ఒక ఫోన్ వీడియో బయటికి రాగానే మన నోట్లోంచి ముందు వచ్చే మాట "అసలు వాడేం చేశాడంట?" అని. తాగున్నాడా, బూతులు తిట్టాడా, పాత కేసులున్నాయా. పోలీసుల ఎంక్వైరీ కూడా చాలాసార్లు అక్కడే తిరుగుతుంది, నా బాధంతా అదే.

2020 మే 16న మా విశాఖలో హైవే మీద జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. నర్సీపట్నం ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా పనిచేసి, మాస్కులు లేవని మాట్లాడినందుకు అంతకుముందే సస్పెండైన ఆయన్ని చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టేశారు, కానిస్టేబుల్ లాఠీతో కొట్టడం రాష్ట్రమంతా చూసింది. తాగి న్యూసెన్స్ చేశాడని పోలీసులు చెప్పారు. సరే, అదంతా నిజమే అనుకుందాం. గొడవ చేస్తున్న మనిషిని పట్టుకోవడం తేలికేం కాదు, పెనుగులాడితే నలుగురు కలిసి అదిమి పట్టాల్సి రావచ్చు, దాన్ని నేను తప్పనను. కానీ చేతులు కట్టేశాక దెబ్బ ఎందుకు?

అరెస్టుకి ఎదురు తిరిగితే అవసరమైన బలం వాడొచ్చని చట్టమే చెప్తోంది, పారిపోకుండా ఆపడానికి ఎంత కావాలో అంతకుమించి కట్టడి చెయ్యకూడదని కూడా అదే చట్టం చెప్తోంది, పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన, అరెస్టులూ దర్యాప్తులూ ఎలా జరగాలో చెప్పే ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌ చట్టంలో 43, 46 సెక్షన్లు చూడండి. కాబట్టి ఎంక్వైరీ చేసేవాళ్లు తేల్చాల్సింది ఆ మనిషి మంచోడా చెడ్డోడా అని కాదు, ఏ నిమిషానికి అతను లొంగిపోయాడు, ఆ తర్వాత ఎన్ని దెబ్బలు పడ్డాయి, పక్కనున్న ఆఫీసరు ఆపాడా లేదా.

అప్పుడు కానిస్టేబుల్‌ని సస్పెండ్ చేశారు. అంతటితో అయిపోయేదే. హైకోర్టు మేజిస్ట్రేట్‌ని పంపి స్టేట్‌మెంట్ తీసుకుంది, గాయాల గురించి ఆ రిపోర్టుకీ ప్రభుత్వ రిపోర్టుకీ పొంతన లేదని తేలాక మే 22న కేసు సీబీఐకి ఇచ్చింది. ఆ డాక్టరు మరుసటి ఏడాది మేలో చనిపోయారు.

గాయాల లెక్క దగ్గరే కేసు నిలబడుతుందో పోతుందో తేలుతుంది. అరెస్టైన వెంటనే డాక్టరు పరీక్ష చెయ్యాలి, ఒంటి మీద ఏ గాయాలున్నాయి, అవి సుమారు ఎప్పుడు తగిలుంటాయి అని రాయాలి, కాపీ ఆ మనిషికి ఇవ్వాలి, బీఎన్‌ఎస్‌ఎస్ 53 చెప్పేది ఇదే. ఆ కాపీ అడిగి తీసుకోవాలని మనలో ఎంతమందికి తెలుసు?

స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టి 18 నెలల రికార్డింగ్ దాచమని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో చెప్పింది, మంచిదే, కానీ అరెస్టు జరిగేది ఎక్కువగా రోడ్డు మీద, ఇంటి గుమ్మం ముందు. అక్కడ ఉన్నది కిరాణా కొట్టు కెమెరా, దారిన పోయేవాళ్ల ఫోను. కొట్టు కెమెరాలో రికార్డింగ్ కొన్నాళ్లకి చెరిగిపోతుంది. అందుకే ఫిర్యాదు వచ్చిన రోజే వాటిని సీజ్ చెయ్యాలి, అదీ ఆ స్టేషన్ వాళ్లు కాదు, సంబంధం లేని ఆఫీసరు చెయ్యాలి. వీడియో తీసినోళ్లని బెదిరించకుండా సాక్షులుగా రాసుకోవాలి.

మీ రిపోర్టర్లకి ఒక విన్నపం. సస్పెండ్ చేశారనే వార్తతో ఆపకండి. ఆర్నెల్ల తర్వాత మళ్లీ వెళ్లి మెడికల్ రిపోర్టులో ఏముంది, ఎవరి మీద కేసు కట్టారు, ఛార్జిషీట్ పడిందా అని అడిగి రాయండి.

– ఒక పాఠకుడు, మర్రిపాలెం, విశాఖపట్నం