వరండాలో పడుకున్నవాళ్లు

ప్రియమైన మురళికి,

నీ ఉత్తరం అంది రెండు నెలలు దాటినా జవాబు రాయనందుకు క్షమించు. నాన్నగారి కంటి ఆపరేషన్ బాగా జరిగింది, చెల్లి పెళ్లి వైశాఖంలో. మిగిలినవి కలిసినప్పుడు చెబుతాను, ఎందుకంటే వారం రోజులుగా నా మనసంతా పాత బొంబాయిలోని ఒక చాల్ (వరసగా గదులుండి చాలా కుటుంబాలు ఉండే ఇల్లు) చుట్టూనే తిరుగుతోంది.

1896లో బొంబాయిలోని మాండ్వీ పేటలో ప్లేగు బయటపడ్డాక అధికారులు క్రిములను చంపే కార్బాలిక్ ద్రావణం కాలువల్లో పోయించారు, రైలు ప్రయాణికులను ఆపి ప్లేగు గడ్డలున్నాయేమోనని చంకలు తడిమి చూశారు. అయినా ఆ జబ్బు ఇంటి నుంచి ఇంటికి ఎలా పాకుతోందో అంతుపట్టలేదు. ఎలుకల నెత్తురు తాగే చిన్న పురుగే (ఇంగ్లీషులో ఫ్లీ) దాన్ని మోస్తోందని 1898లో కరాచీలో ఫ్రెంచి వైద్యుడు పాల్ లూయీ సిమోన్ చెబితే చాలామంది నమ్మలేదు. ఆ మాటకు బలమిచ్చినవాడు బొంబాయిలో ప్లేగు మీద పరిశోధన చేసిన వైద్యుడు గ్లెన్ లిస్టన్. ఆయన 1905 నాటి వ్యాసంలో ఉన్నదే నేను చెప్పదలచిన సంగతి.

ఏప్రిల్ 6న ఆ చాల్‌లో ఎలుకలు రాలడం మొదలైంది, తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయింది. 11న ఆ పురుగుల బాధ మొదలై, గదుల్లో నిలవలేక జనం వరండాలోకి వచ్చి పడుకున్నారు. 17న అక్కడే ఒకరికి ప్లేగు వచ్చింది, అదే రోజు పక్క గదిలో మరొకరికి. అప్పుడు మనుషుల మీద పట్టిన 30 పురుగుల్లో 14 ఎలుకల మీద బతికే రకమే. మామూలు రోజుల్లో పట్టిన 246లో అలాంటిది ఒక్కటే! ఎలుక చచ్చి ఒళ్లు చల్లబడగానే పురుగులు వెచ్చని ఒంటిని వెతుక్కున్నాయి, అంతే.

ప్లేగును పరిశోధించడానికి 1905లో వచ్చిన కమిషన్ వాళ్లు ఆ తర్వాత గినీ పందులను జబ్బు పడ్డ ఇళ్లలో వదిలి, వాటి మీద చేరిన పురుగులను లెక్కపెట్టారు. నీలో జబ్బు పురుగు ఉందా అని గదినే అడగడానికి అంతకంటే తిన్ననైన పద్ధతి నాకు తోచదు.

కానీ నన్ను వదలనిది ఆ వరండా. ఎలుక రాలితే ఇల్లు విడిచి తోటలో పాక వేసుకోవాలని మా నాయనమ్మ అనేది, గుర్తుందా? చాల్‌లో వాళ్లకు తోట ఎక్కడిది, నాలుగడుగుల వరండా తప్ప. తప్పించుకున్నామనుకుని పిల్లలను పక్కన వేసుకుని పడుకున్న ఆ ఆరు రాత్రులు...

టపా తీసే వేళయింది, పరుగెత్తాలి. ఇంకో ప్రయోగంలో గినీ పందుల పంజరాలను ఎంత ఎత్తున వేలాడదీశారో వచ్చే ఉత్తరంలో రాస్తాను.

నీ
రఘు