గజం రేటు సరే, విమానం గురించి కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ విజయనగరం ఎడిషన్‌లో భోగాపురం పేరు లేని రోజు ఉండదు గానీ, ఆ వార్తల్లో విమానం మాత్రం ఎక్కడా కనపడదు. గజం ఎంత పలుకుతోంది, కొత్త లేఅవుట్ ఎక్కడ పడింది, ఎయిర్‌పోర్టు క్రెడిట్ ఎవరి ఖాతాలో వేయాలి, ఎప్పుడు చూసినా ఇదే గోల. కేంద్రంలో విమానయాన మంత్రి చూస్తే మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు, అల్లూరి పేరు పెట్టిన ఈ భోగాపురం ఎయిర్‌పోర్టు మన జిల్లాలోనే ఉంది, అయినా మన పిల్లలకి విమానాల గురించి తెలిసిందంతా ఫోన్లో రీల్స్ చూసి నేర్చుకున్నదే. పూసపాటిరేగ వైపు లెక్కలు, ఫిజిక్స్ ట్యూషన్లు చెప్పుకు బతికేవాణ్ణి, అందుకే ఇది నాకు కొంచెం ఎక్కువ మండుతుంది.

ఆ రీల్స్ సంగతి చెప్తాను. పెద్ద ప్యాసింజర్ విమానం ఒకటి దిగబోయే ముందు గాల్లో ఒక పల్టీ కొట్టి, ఏమీ జరగనట్టు రన్‌వే మీద వాలిపోయే వీడియో ఏళ్ల తరబడి తిరుగుతోంది. అది కంప్యూటర్లో తయారుచేసిన బొమ్మరా బాబూ అంటే ఒక్కడూ నమ్మడు. ఇంక పెద్దవాళ్ల గ్రూపుల్లో వైమానిక శాస్త్రం అనే పుస్తకం పేరుతో ఫార్వర్డులు, రైట్ సోదరుల కంటే వేల ఏళ్ల ముందే మనవాళ్లు ఎగిరేశారని. 1974లోనే బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) ప్రొఫెసర్లు ఆ పుస్తకాన్ని ముందేసుకుని చదివి, అందులో చెప్పిన యంత్రాలేవీ ఎగరవు, పుస్తకం కూడా ఇరవయ్యో శతాబ్దంలో రాసిందే అని తేల్చేశారు. యాభై ఏళ్లు దాటినా ఆ మాట మన గ్రూపుల దాకా రాలేదు.

పోనీ పల్టీలే కావాలంటే నిజం పల్టీలు లేవా? 1955 ఆగస్టులో అమెరికాలో సియాటెల్ దగ్గర పడవ పందేలు జరుగుతున్నాయి, బోయింగ్ కంపెనీ తన కొత్త జెట్ (తర్వాత వచ్చిన బోయింగ్ 707 ప్యాసింజర్ విమానానికి అదే మూలం) చూపించుకుందామని ఎయిర్‌లైన్స్ పెద్దల్ని పిలుచుకుంది, టెస్ట్ పైలట్ టెక్స్ జాన్‌స్టన్ ఆ నాలుగింజన్ల విమానాన్ని తెచ్చి అందరి నెత్తి మీద పల్టీ కొట్టించాడు, చాలదన్నట్టు వెనక్కి తిప్పుకొచ్చి ఇంకోటి. కంపెనీ పెద్దాయన బిల్ అలెన్ మర్నాడు పిలిపించి ఇంకెప్పుడూ ఇలా చేయొద్దని క్లాసు పీకాడు, అంతే, ఉద్యోగం మాత్రం ఊడలేదు.

అసలు మజా బాబ్ హూవర్ అనే పైలట్‌ది. రెండింజన్ల చిన్న విమానం నడుపుతూ, అది గాల్లో పూర్తిగా ఒక చుట్టు దొర్లుతుండగా ఒక చేత్తో జగ్గులోంచి గ్లాసులోకి టీ పోసేవాడు. విమానం తలకిందులైన క్షణంలో కూడా ధార తిన్నగా గ్లాసులోనే పడుతుంది! మేం చిన్నప్పుడు బకెట్లో నీళ్లు పోసి గిర్రున తిప్పితే ఒక్క చుక్క ఒలికేది కాదు చూడండి, సూత్రం దాదాపు అదే: విమానం సరైన వంపులో తిరుగుతున్నంతసేపూ లోపలున్న టీకీ మనిషికీ కింద అంటే విమానం నేల వైపే. క్లాసులో బోర్డు మీద అభికేంద్ర బలం అని రాస్తే ఆవలించే పిల్లలు ఈ టీ సంగతి చెప్పగానే లేచి కూర్చున్నారు. (మర్నాడు ఒకడు ఇంట్లో సాంబారు గిన్నెతో ప్రయత్నించాడట, వాళ్లమ్మ నాకు ఫోన్ చేసింది.)

అంత దూరం ఎందుకు, మన విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా టీయూ-142 అనే పాత నిఘా విమానం ఉంది కదా. నేవీలో 29 ఏళ్లు పనిచేసి 2017లో రిటైరైంది. జనం రెక్క కింద నిలబడి సెల్ఫీ తీసుకుంటారు, బజ్జీల బండి దగ్గరికి వెళ్లిపోతారు. మా పిల్లల్ని తీసుకెళ్తే ఒకడు అడిగాడు, "ఒక ఇంజనుకి రెండు ఫేన్లేటి మాస్టారూ?" అని. వాణ్ణి ముద్దుపెట్టుకోవాలనిపించింది. దగ్గరికెళ్లి చూడండి, ప్రతి ఇంజను ముందూ ఒకదాని వెనక ఒకటి నాలుగేసి రెక్కల ప్రొపెల్లర్లు రెండుంటాయి, ముందుది ఒక వైపు తిరిగితే వెనకది దానికి ఎదురు తిరుగుతుంది. ముందుది గాలిని మెలితిప్పి వెనక్కి తోస్తుంది, ఆ మెలికలో కొంత శక్తి దండగపోతుంది, రెండోది ఆ మెలిక విప్పి దండగయ్యేదాన్ని కూడా తోపుగా మారుస్తుంది, పైగా విమానం ఒక పక్కకి తిరిగిపోకుండా రెండూ ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. ఒక్కో ఇంజను సుమారు 15 వేల హార్స్‌పవర్. రొద కూడా ఆ లెక్కలోనే ఉంటుంది.

లెక్కల మాస్టార్ని కాబట్టి ఇదొక్కటి చెప్పకుండా ఉండలేను. 1983 జులై 23న ఎయిర్ కెనడా వాళ్ల బోయింగ్ 767 బయల్దేరాలంటే 22,300 కిలోల ఇంధనం కావాలి. కెనడా అప్పుడప్పుడే మెట్రిక్ పద్ధతికి మారుతోంది, లెక్క కట్టడంలో పౌన్లకీ కిలోలకీ తేడా కొట్టి 22,300 పౌన్లే పడింది, అంటే సగం కూడా లేదు. 41 వేల అడుగుల ఎత్తులో ఎగురుతుండగా ఇంధనం అయిపోవచ్చింది, కాసేపటికి ఇంజన్లు ఆగిపోయాయి. అదృష్టం కొద్దీ కెప్టెన్‌కి గ్లైడర్లు నడిపిన అనుభవం ఉంది, అంత పెద్ద విమానాన్నీ గాల్లో జార్చుకుంటూ తెచ్చి గిమ్లీ అనే చోట వదిలేసిన పాత ఎయిర్‌బేస్‌లో దించాడు, అక్కడేమో ఆ రోజు కార్ల రేసులు జరుగుతున్నాయి! ఒక్కరు కూడా చనిపోలేదు. యూనిట్లు రాయకపోతే అర మార్కు కోసేస్తావేంటి మాస్టారూ అని అడిగేవాళ్లకి ఇప్పుడు ఇదే నా జవాబు.

ఇలాంటివి ఎన్నని? గాల్లో మొట్టమొదటి లూప్ (నిలువునా గుండ్రంగా ఒక పూర్తి చుట్టు) కొట్టిన రష్యా పైలట్ నెస్తెరోవ్‌కి 1913లో ముందు దొరికింది శిక్షే, సర్కారు సొత్తును ప్రమాదంలో పెట్టాడని. ప్రపంచంలో మొదటి అధికారిక విమాన టపా 1911లో మన అలహాబాద్ నుంచే ఎగిరింది, సుమారు 6,500 ఉత్తరాలతో. ఆరింజన్ల భారీ సరుకు విమానం ఆంటొనోవ్-225 కూడా 2016లో శంషాబాద్‌లో దిగింది, తర్వాత 2022 యుద్ధంలో నాశనమైంది, అలాంటిది లోకంలో అదొక్కటే. దిగిన రోజు ఎన్ని పేపర్లు దాని గురించి రెండు ముక్కలు వివరంగా రాశాయో మీకే తెలియాలి.

నేనడిగేది పెద్ద కోరికేం కాదు, ఆదివారం నాడు ఒక అర కాలమ్. భోగాపురం రన్‌వే 3.8 కిలోమీటర్లు ఎందుకు? మన మే నెల ఎండలో గాలి పలచబడితే విమానం లేవడానికి ఎక్కువ దూరం ఎందుకు పరిగెత్తాలి? ప్రశ్నలు మా పిల్లలు పంపుతారు, జవాబులు తెలిసినవాళ్ల చేత రాయించండి.

మొదటి వారం మాత్రం పక్షుల మీద రాయండి. 2009 జనవరిలో న్యూయార్క్‌లో అడవి బాతుల గుంపు తగిలి రెండింజన్లూ పోయాయి, విమానం నదిలో దిగింది, 155 మందీ బతికారు. అందరికీ అలాంటి పైలట్, అలాంటి నది దొరకవు. ఎయిర్‌పోర్టుకి పది కిలోమీటర్ల లోపు మాంసం వ్యర్థాలు ఆరుబయట పారేయకూడదని రూలుంది, ఇక్కడ చూస్తే చికెన్ వేస్టు సంచుల్లో కట్టి గెడ్డల్లో విసిరేస్తున్నారు, వాటి మీదికి గద్దలు దిగుతున్నాయి. గజం రేటు రాసే విలేకర్నే ఒకసారి ఇటు పంపండి, పొద్దున్నే వస్తే ఫొటోలో సంచులూ గద్దలూ రెండూ పడతాయి.

ఇట్లు,
ఒక ట్యూషన్ మాస్టారు,
పూసపాటిరేగ మండలం, విజయనగరం జిల్లా