ఆ కార్డులు తీసేస్తున్నాం

మా దగ్గర రికార్డులు కొనేవాళ్లందరికీ నమస్కారం.

ఈసారి కొత్త స్టాక్ గురించి కాదు, మా వల్ల జరిగిన రెండు పొరపాట్ల గురించి రాస్తున్నాను. రెండూ ఒకే అరకు సంబంధించినవి. తమ పాటలు తామే రాసుకుని, తమ బతుకులోంచే రాసుకుని, తమ గొంతుతోనే పాడిన ఆడవాళ్ల ఆల్బమ్‌లు ఉండే అర అది. ఈ వ్యాపారం మొదలుపెట్టిన రోజు నుంచీ మమ్మల్ని నిలబెట్టింది కూడా ఆ అరే. మిగతావాటిలో చాలావాటికి విడుదలైన నెల రోజులు హడావుడి ఉంటుంది, తర్వాత అడిగే నాథుడుండడు. కెనడా గాయని జోనీ మిచెల్ ఆల్బమ్ 'బ్లూ' 1971 జూన్‌లో వచ్చింది. ఇప్పటికీ ఎన్ని తెప్పిస్తే అన్నీ వెళ్లిపోతాయి. అమెరికా గాయని కెరోల్ కింగ్ 'టాపెస్ట్రీ' అదే ఏడాది ఫిబ్రవరిలో వచ్చింది. దాని సంగతీ అంతే.

ముందు మొదటి పొరపాటు చెబుతాను.

ఈమధ్య మేం పంపిన 'బ్లూ' కాపీల్లో ఒక బ్యాచ్ బాగోలేదు. రికార్డు రంధ్రం సరిగ్గా నడిమధ్యలో పడలేదు. వెంట్రుకవాసి తేడా, కంటికి కనిపించదు. కానీ ఎల్పీ, అంటే ఈ పెద్ద రికార్డు, నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, అంటే ఒక్కో చుట్టుకు 1.8 సెకన్లు. రంధ్రం పక్కకు జరిగితే ప్రతి చుట్టులోనూ స్వరం ఒకసారి కాస్త పైకి లేచి, కాస్త కిందికి దిగుతుంది. డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్లు మోగే రికార్డయితే ఎవరూ పట్టుకోలేరు. ఇక్కడ అలా కాదు. రెండో వైపు మూడో పాట 'రివర్'. పియానో, గొంతు, అంతే. పియానో మెట్టు నొక్కి వదలకుండా పట్టుకున్న చోట ఆ స్వరం నీళ్లలో పడ్డ నీడలా ఊగుతుంది.

మొదటి ఫిర్యాదు వచ్చినప్పుడు "ఒకసారి సూది మార్చి చూడండి" అని జవాబిచ్చాను. రెండో ఫిర్యాదుకీ అదే జవాబు. ఒక్క కాపీ కూడా విప్పి వినకుండా ఇచ్చిన జవాబు అది. మూడో ఆయన తన ఇంట్లో మోగుతున్నది ఫోన్‌లో రికార్డు చేసి పంపాక గానీ నాకు బుద్ధి రాలేదు. ఆ రాత్రి పని అయిపోయాక మా దగ్గరున్న కాపీ ఒకటి విప్పి విన్నాను. వాళ్లు చెప్పింది అక్షరాలా నిజం. ఆ ఇద్దరికీ ఫోన్ చేసి క్షమాపణ అడిగాను. ఇక్కడ మీ అందరి ముందూ మళ్లీ అడుగుతున్నాను.

ఆ రాత్రి వింటుంటే ఇంకో సంగతి కూడా తట్టింది. ఈ ఆల్బమ్‌లో లోపం ఎందుకంత కొట్టొచ్చినట్టు వినిపిస్తుందో, ఇన్నేళ్లుగా జనం దీన్ని ఎందుకు వదలడం లేదో, రెండింటికీ కారణం ఒకటే. ఇందులో దాక్కోవడానికి చోటు లేదు. చాలా పాటల్లో ఒక గొంతు, ఒకటో రెండో వాయిద్యాలు. నాలుగు పాటల్లో జోనీ మిచెల్ ఒళ్లో పెట్టుకుని వాయించే డల్సిమర్ అనే తీగ వాయిద్యం వినిపిస్తుంది, వేలు తీగను తాకిన చప్పుడుతో సహా. తొమ్మిదేళ్లప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమ చేతిలో బలం తగ్గింది. గిటార్ మీద అందరూ పట్టే పట్టులు కష్టమై, తన చేతికి వీలుగా తీగల శ్రుతినే మార్చుకుంది. అలా పుట్టిన శ్రుతులే తర్వాత ఆమె గుర్తు అయ్యాయి. ఆ రోజుల్లో తాను సిగరెట్ పెట్టె మీది పల్చటి సెల్లోఫేన్ కాగితంలా ఉన్నానని ఆమే తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. అంత పల్చటి దాని మీద గీత పడితే కనిపించకుండా ఎలా ఉంటుంది?

ఇక రెండో పొరపాటు. నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే.

మా దగ్గర కొన్నవాళ్లకు తెలుసు, ప్రతి కవర్ మూలన మేం ఒక చిన్న కార్డు అంటిస్తాం. నాలుగైదు లైన్లలో ఆ ఆల్బమ్ పరిచయం. చేత్తో రాసినవి. చాలామంది బాగుందన్నారు, నేనూ మురిసిపోయాను. ఈ అరలోని రికార్డులకు మాత్రం నేను రాసిందల్లా ఒకటే రకం: ఈ పాట ఎవరి గురించి, ఆ పాట ఎవరితో విడిపోయాక రాసింది. 'బ్లూ' మీద గ్రాహమ్ నాష్, జేమ్స్ టేలర్ అనే ఇద్దరు గాయకుల పేర్లు. మిగతావాటి మీద ఇంకెవరెవరివో పేర్లు. అలా రాస్తే జనానికి ఆసక్తి పెరుగుతుందనుకున్నాను.

కొన్ని వారాల కిందట ఒకావిడ దగ్గరి నుంచి కవర్ వచ్చింది. రికార్డు వెనక్కి పంపారేమో అనుకున్నాను. లోపల నా కార్డు ఒక్కటే ఉంది. వెనకవైపు రెండు లైన్లు రాశారు: "ఈ పాట వింటూ మా నాన్నగారిని తలచుకుందామనుకున్నాను. మీరు ఇందులో ఇంకెవరినో కూర్చోబెట్టి పంపారు."

ఆ కార్డు ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. చాలాసార్లు చదివాను. ఆవిడ చెప్పింది నిజమని నాకు వెంటనే తెలుసు. ఎందుకు నిజమో తెలియడానికే కొన్నాళ్లు పట్టింది.

'బ్లూ' మొదటి వైపు మూడో పాట 'లిటిల్ గ్రీన్' సంగతి చూడండి. 1965లో, చేతిలో డబ్బు లేని రోజుల్లో, జోనీ మిచెల్‌కు ఆడపిల్ల పుట్టింది. పెంచలేక దత్తతకు ఇచ్చేసింది. ఆ పాట ఆ పాప కోసం. కానీ ఆల్బమ్ వచ్చినప్పుడు ఈ విషయం బయట ఎవరికీ తెలియదు. 1990లలో గానీ బయటపడలేదు. తల్లీ కూతుళ్లు మళ్లీ కలిసింది 1997లో. అంటే ఇరవై ఏళ్లకు పైగా జనం ఆ పాటను దాని వెనక కథ తెలియకుండానే విన్నారు, ఏడ్చారు, దాచుకున్నారు. పాటలో ఉన్నది ఒక పసిబిడ్డ పేరు, వీడ్కోలు, బాధగా ఉన్నా తలవంచుకోని ఒక గొంతు. అంతే చాలింది. ఎవరి వీడ్కోలును వాళ్లు అందులో పెట్టుకున్నారు. రహస్యం తెలిస్తేనే పాట పట్టుకుంటుందని నేను అనుకోవడం ఎంత తప్పో ఈ ఒక్క పాట చాలు చెప్పడానికి.

ఇంకొకటి. అమెరికా గాయని జానిస్ ఇయన్ పాట 'ఎట్ సెవెంటీన్' 1975లో వచ్చింది. అందం లేదని పక్కన పెట్టేసిన టీనేజ్ అమ్మాయి గోడు అది. ఇంతకన్నా సొంత డైరీలాంటి పాట ఉండదని ఎవరైనా అంటారు. కానీ అది మొదలైంది పేపర్లో చదివిన ఒక ధనవంతుల అమ్మాయి కథతో. ఆ కథలో వయసు పద్దెనిమిది. పాట బాణీకి ఆ మాట కుదరక పదిహేడు చేసింది. అక్కణ్నుంచి తన సొంత బాధను అందులో పోసి, నెలల తరబడి కూర్చుని పూర్తి చేసింది. తనకు ప్రేమికుల రోజున ఒక్క కార్డు కూడా రాలేదని ఆ పాటలో ఉంటుంది కదా. 1977లో ఆ రోజున ఆమెకు 461 కార్డులు వచ్చాయి. పంపినవాళ్లకు ఆమె బతుకు గురించి ఏం తెలుసు? వాళ్లకు తెలిసింది తమ పదిహేడో ఏడే.

అందుకే ఈ ఆల్బమ్‌లను గుండెలో ఉన్నదంతా కుమ్మరించిన పాటలు అంటే నేనిప్పుడు ఒప్పుకోను. కుమ్మరిస్తే ఇంతకాలం నిలవవు. 'బ్లూ' దాదాపు తయారైపోయాక జోనీ మిచెల్ రెండు పాత పాటలు తీసేసి రెండు కొత్తవి పెట్టింది. ఆ రెండే ఇప్పుడు ఆల్బమ్‌లో మొదటి పాట, చివరి పాట. అంటే మనం లోపలికి వెళ్లే గుమ్మం, బయటికి వచ్చే గుమ్మం రెండూ ఆఖరి నిమిషంలో పెట్టినవే. ఏం చెప్పాలో ఎంత ఆలోచించిందో, ఏం చెప్పకూడదో కూడా అంతే ఆలోచించింది.

'టాపెస్ట్రీ' గురించి కొంచెం చెప్పనివ్వండి, అది నాకు మరీ ఇష్టం. కెరోల్ కింగ్ తన భర్త జెర్రీ గాఫిన్‌తో కలిసి ఇతరుల కోసం పాటలు కట్టేది. వాటిలో 'విల్ యూ లవ్ మీ టుమారో'ను షిరెల్స్ అనే అమ్మాయిల బృందం పాడితే 1961లో అమెరికా చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్లింది. చకచకా నడిచే, వయొలిన్లు మోగే పాట. పదేళ్ల తర్వాత, ఆ పెళ్లి విడిపోయాక, అదే పాటను ఆమే పియానో ముందు కూర్చుని నెమ్మదిగా పాడింది. వెనక గొంతు కలిపినవాళ్లు జోనీ మిచెల్, జేమ్స్ టేలర్. రేపు కూడా నన్ను ప్రేమిస్తావా అన్న ప్రశ్న పద్దెనిమిదేళ్ల పిల్ల అడిగితే ఒక అర్థం. ఇద్దరు పిల్లల తల్లి, ఒకసారి జవాబు విన్న మనిషి, అడిగితే వేరే అర్థం. మాటల్లో తేడా లేదు, మారిందల్లా అడిగే గొంతు. ఆ ఆల్బమ్ వరసగా 15 వారాలు మొదటి స్థానంలో ఉంది, నాలుగు గ్రామీలు తెచ్చుకుంది. 'బ్లూ', ఇదీ రెండూ హాలీవుడ్‌లో ఒకే స్టూడియో భవనంలో, ఏ అండ్ ఎమ్‌లో, ఇంచుమించు ఒకే రోజుల్లో రికార్డయ్యాయి. ఆ రెండు గదుల మధ్య నడవాలో నిలబడే అదృష్టం ఎవరికి దక్కిందో అని ఎప్పుడూ అనుకుంటాను.

ఇప్పుడు మా అర పేరు గురించి. దానికి 'ఒప్పుకోలు పాటలు' అని చీటీ పెట్టాను. ఇంగ్లీషులో 'కన్ఫెషనల్' అంటారే, ఆ మాట సంగీతంలోకి కవిత్వం నుంచి వచ్చింది. 1959లో రాబర్ట్ లోవెల్ అనే కవి కవితల మీద ఒక అమెరికన్ విమర్శకుడు రాసిన సమీక్షతో వ్యాపించింది. జోనీ మిచెల్‌కు తన పాటలను అలా పిలవడం నచ్చదు. ఎందుకో నాకు అర్థమవుతోంది. ఒప్పుకోలు అంటే తప్పు చేసినవాళ్లు చేసేది. వీళ్లు చేసిన తప్పేమిటి? బాబ్ డిలన్ 1975 ఆల్బమ్ 'బ్లడ్ ఆన్ ది ట్రాక్స్'ను విరిగిపోతున్న పెళ్లి కథగానే చాలామంది వింటారు. అది మా దగ్గర వేరే అరలో ఉంది. దాని కార్డు మీద నేను ఆయన భార్య పేరు రాయలేదు. ఆయన పదాల గురించి, గిటార్ శ్రుతుల గురించి రాశాను. అదే చేతితో, అదే పెన్నుతో, ఆడవాళ్ల ఆల్బమ్‌ల మీద ఎవరెవరితో తిరిగారో రాశాను. ఈ తేడా ఇన్నేళ్లు నా కంటికి ఆనలేదు. సిగ్గుగా ఉంది, అందుకే దాచకుండా చెబుతున్నాను.

కాబట్టి ఆ చీటీ తీసేశాం. ఆ రికార్డులన్నీ ఇకపై అక్షరాల వరసలో అందరితో పాటే ఉంటాయి. వెతుక్కోవడం కష్టమవుతుందని మా దగ్గర పనిచేసే అమ్మాయి అంది, అది నిజమే. ఫోన్ చేస్తే మేమే వెతికి పెడతాం. నిజానికి ఈ దారిలో నడిచేవాళ్లకు మా చీటీ అక్కర్లేదని ఆర్డర్లు చూస్తే తెలుస్తుంది. ఒలీవియా రొడ్రిగో 2021 ఆల్బమ్ 'సవర్' కొన్న పిల్లలు తర్వాత అలానిస్ మోరిసెట్ 1995 ఆల్బమ్ 'జాగ్డ్ లిటిల్ పిల్' అడుగుతారు. అక్కణ్నుంచి ఇంకా వెనక్కి, 1971 దాకా, ఎవరూ చెప్పకుండానే వెళ్తారు.

పాత కార్డులు కూడా తీసేస్తున్నాం. ఇకపై పెట్టే కొత్త కార్డుల మీద ఎవరు వాయించారు, ఎక్కడ రికార్డు చేశారు, ఏ ప్రెస్సింగ్ (రికార్డు ఏ విడతలో అచ్చయింది) అన్నవే ఉంటాయి. ఒక్క మినహాయింపు ఉంది. టోరీ ఏమస్ 1992 ఆల్బమ్ 'లిటిల్ ఎర్త్‌క్వేక్స్'లో తన మీద జరిగిన లైంగిక దాడి గురించిన పాట ఉంది. ఏ వాయిద్యమూ లేకుండా, ఒంటి గొంతుతో పాడింది. 1994లో అమెరికాలో అలాంటి బాధితుల హెల్ప్‌లైన్ మొదలైనప్పుడు దాని తరఫున తొలిసారి మాట్లాడింది కూడా ఆమే. ఆ పాట ఉందని కార్డు మీద ముందే చెబుతాం. తెలియకుండా సూది పెట్టి, ఆ పాట దగ్గర ఉలిక్కిపడి, లేచి ఆపేయాల్సిన అవస్థ ఎవరికీ రాకూడదు.

ఈ గొడవలో మంచి కబురు కూడా ఒకటుంది. లారా నీరో 1968 ఆల్బమ్ 'ఈలై అండ్ ద థర్టీన్త్ కన్ఫెషన్' పాత కాపీ ఒకటి మాకు దొరికింది, సాహిత్యం అచ్చువేసిన కాగితంతో సహా. ఆ కాగితానికి సెంటు పూయించాలని ఆమె పట్టుబట్టి మరీ పూయించింది. ఇప్పుడు ఆ సువాసన లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత కాగితం వాసనే. అయినా మడత విప్పేటప్పుడు చెయ్యి తనంతట తనే నెమ్మదిస్తుంది. దీన్ని అమ్మడం లేదు. చూడాలనుకునేవాళ్లు వస్తే చూపిస్తాం.

చివరగా బదులు కాపీల సంగతి. పంపిణీదారు వేరే ప్రెస్సింగ్ పంపారు. ఈసారి ప్రతి కాపీని రెండు వైపులా పూర్తిగా విన్నాకే పంపుతున్నాం. 'బ్లూ' నిడివి దాదాపు 36 నిమిషాలు, మిగతా పనులతో కలిపి రోజుకు ఆరింటికి మించి వినలేకపోతున్నాం. ముందు ఫిర్యాదు చేసినవాళ్లకు ముందు వెళ్తుంది. ఆ బ్యాచ్‌లోది మీ దగ్గరుండి, మీకు ఏ లోపమూ వినిపించకపోయినా మార్చి ఇస్తాం. పాతది మా ఖర్చుతోనే తెప్పించుకుంటాం.

మిగతా ఆల్బమ్‌లు ఆర్డర్ చేసేవాళ్లకు ఒక్క మాట. పాత స్టాక్ కవర్ల మీద కుడివైపు పై మూలన, కార్డు ఊడదీసిన చోట, కొద్దిగా జిగురు మరక ఉండిపోయింది. ఎంత తుడిచినా పోలేదు. గట్టిగా రుద్దితే అచ్చు లేచిపోతుందని అక్కడితో ఆపేశాం. మరక వద్దనుకునేవాళ్లు ఆర్డర్‌లో రాయండి, కొత్త స్టాక్ వచ్చాక పంపుతాం.