పొడిచెత్తకు వారంలో రెండు రోజులు కేటాయించండి: పురపాలక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రిగారికి,

అయ్యా,

విజయనగరంలో ఇల్లిల్లూ తిరిగే చెత్తబండ్ల విషయంలో ముఖ్యంగా ఒక్క మార్పు కోరుతూ ఈ లేఖ రాస్తున్నాం. తడిచెత్తను రోజూ తీసుకెళ్ళనివ్వండి. పొడిచెత్తను మాత్రం వారానికి రెండే రోజులు, బుధవారం, శనివారం అని ఖాయం చేసి, విడి ట్రిప్పులో తీసుకెళ్ళే ఏర్పాటు చేయండి.

చెత్తను ఇంట్లోనే వేరుచేసి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెప్పాయి. 2021 అక్టోబరు 2న మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం తడిచెత్తకు ఆకుపచ్చ, పొడిచెత్తకు నీలం, ప్రమాదకరమైన చెత్తకు ఎరుపు బుట్టలు తెచ్చింది. ఏది ఎందులో వెయ్యాలో చాలా ఇళ్ళలో తెలుసు. కానీ తడి, పొడి బుట్టలు రెండూ ఒకే బండిలో ఒకే కుప్పగా పడడం కళ్ళారా చూసినవాళ్ళు మర్నాడు ఎందుకు వేరుచేస్తారు? ఎన్ని ర్యాలీలు తీసినా ఆ ప్రశ్నకు జవాబు దొరకదు.

తడిచెత్తది బరువు, పొడిచెత్తది చోటు. ఖాళీ సీసాలు, అట్టపెట్టెలు నాలుగు వీధులకే బండిని నింపేస్తాయి. పైన పడ్డ పప్పు, పులుసు, గంజి కిందికి దిగి కాగితాన్ని, అట్టను నానబెడతాయి. నానిన అట్ట బూజు పడుతుంది, దాని పీచు బలం పోతుంది. పాత సామాన్ల కొట్టువాడు రేటు తగ్గిస్తాడు, లేదా వద్దంటాడు. అన్నం మెతుకులు అంటిన కవర్లను కడిగేవాళ్ళు ఉండరు. అలా అమ్ముడుపోవాల్సిన సరుకు డంపింగ్ యార్డుకు చేరి, ఎండాకాలం మంటల్లో కాలుతుంది. అదే పొడిచెత్తలో సీసాలు, కవర్లు కడిగి ఆరబెట్టి, అన్నీ గోనెసంచిలో వేస్తే నాలుగు రోజులున్నా వాసన రాదు. దానికోసం రోజూ బండి తిప్పనక్కర్లేదు.

తడిచెత్తకు జరిగే నష్టం ఇంకా పెద్దది. పట్టణ కంపోస్టుకు కేంద్రం పెట్టిన ప్రమాణాల్లో కిలోకు సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5, పాదరసం 0.15 దాటకూడదు. పగిలిన ట్యూబులైటు, పాత బ్యాటరీలు తొక్కల్లో కలిసిపోతే ఈ హద్దులకు పూచీ ఎవరిది? గాజుపెంకుల సంగతి రైతుకు చెప్పనక్కర్లేదు. ఉత్తి కాళ్ళతో వరిమడిలో దిగేవాడు పెంకులున్న గత్తాన్ని ఊరికే ఇచ్చినా తోలించుకోడు.

కంపోస్టు షెడ్డు కంపు కొడుతోందని చుట్టుపక్కలవాళ్ళు గోల పెట్టే చోట చాలాసార్లు కారణం ఒకటే: పచ్చి తొక్కలు ఎక్కువ, ఎండు సరుకు తక్కువ. కుప్పలో కర్బనం, నత్రజని 25 నుంచి 30 పాళ్ళకు ఒక పాలు ఉండాలి. లెక్కలు వద్దనుకుంటే, ఒక గంప తొక్కలకు రెండు గంపల ఎండుటాకులు కలిపితే చాలు. తేమ 50 నుంచి 60 శాతం ఉండాలి. పిడికెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే ఎండుటాకులు కలపాలి, చెయ్యి తడవకపోతే నీళ్ళు చల్లాలి. వారానికోసారి తిరగెయ్యకపోతే లోపల గాలి ఆడక కుళ్ళుతుంది. ఆ ఎండుటాకులనే రోడ్డు పక్కన పోగేసి తగలబెడుతున్నారు. ఆ అలవాటు ఆపి, ఆకులను సంచులకెత్తి షెడ్లకు పంపమని ఆదేశించండి. ముంజలు తీసేసిన తాటికాయలు, కొబ్బరి బొండాలు ముక్కలు కొట్టే యంత్రం లేకుండా కుప్పలో వేస్తే మిగతాదంతా మాగిపోయినా అవి అలాగే ఉంటాయి. షెడ్డుకు కప్పు తప్పనిసరి. మన వైపు తుపాను వానలకు కప్పులేని కుప్పలోని సారమంతా కొట్టుకుపోతుంది.

పొడిచెత్త విషయంలో ఇళ్ళకు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. పాలప్యాకెట్ మూల పూర్తిగా కత్తిరించి పారేస్తే ఆ చిన్న ముక్కను ఏ కార్మికుడూ ఏరలేడు. అది తెగిపోకుండా సగం దాకా కోసి, పాలు పోశాక గ్లాసుడు నీళ్ళతో తొలిచి, దండెం మీద ఆరేస్తే చాలు. నీళ్ళసీసా ఒక రకం ప్లాస్టిక్, మూత ఇంకో రకం. రీసైక్లింగ్ కేంద్రంలో వాటిని ముక్కలు చేసి నీటితొట్టిలో పోస్తే సీసా ముక్కలు మునుగుతాయి, మూతవి తేలతాయి. పైపులు చేసే పీవీసీ ప్లాస్టిక్ కూడా సీసాలాగే మునుగుతుంది గనక అక్కడ పట్టుబడదు. 260 డిగ్రీల దగ్గర సీసాల ప్లాస్టిక్ కరిగే సమయానికి పీవీసీ విరిగి ఆమ్లవాయువు వదులుతుంది, సరుకంతా రంగు మారుతుంది. అందుకే పైపు ముక్కలు సీసాలతో కలపకూడదు. ఫ్లెక్సీలూ పీవీసీ పూత ఉన్నవే. స్వచ్ఛత ప్రచారానికైనా గుడ్డ బ్యానర్లు కట్టించండి.

చిప్స్ ప్యాకెట్లను కొట్టువాడు కొనడు. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుని ఉంటాయి, విడదీయడం గిట్టుబాటు కాదు. వాటిని విడిగా పోగేసి సిమెంటు ఫ్యాక్టరీల బట్టీలకు పంపాలి. కాగితం టీకప్పు లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది, కనుక అది కాగితంలో చేరదు. ఏటీఎం, దుకాణాల బిల్లులకు రసాయన పూత ఉంటుంది, అవీ చేరవు.

ఎరుపు బుట్ట కార్మికుల చేతులకు సంబంధించినది. ప్యాడ్లు, డైపర్లు పాత పేపర్లో చుట్టి పైన ఎర్ర గుర్తు పెట్టాలి. సూదులు, బ్లేళ్ళు మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించాలి. ట్యూబులైటు పగలగొట్టకుండా ఇవ్వాలి. వీటికి బండి బయట మూత ఉన్న పెట్టె ఒకటి తగిలించాలి. ప్రతి నెలా మూడో శనివారం జరిగే స్వచ్ఛాంధ్ర కార్యక్రమంలో పాత బ్యాటరీలు, బల్బులు, ఛార్జర్లు, గడువు తీరిన మాత్రలు వార్డు సచివాలయం దగ్గర తీసుకునే ఏర్పాటు చేస్తే ఆ రోజుకు గట్టి పని దొరుకుతుంది.

పొడిచెత్త అమ్మగా వచ్చిన డబ్బు దాన్ని ఏరిన కార్మికులకే చెందేలా ఉత్తర్వు ఇవ్వండి. వార్డు షెడ్డులో కాటా, నిలబడి ఏరడానికి నడుమెత్తు బల్ల, మందపాటి గ్లవ్స్ ఉండాలి. నేల మీద కూర్చుని ఏరితే నడుము పోతుంది, వేగమూ ఉండదు.

విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి లక్షలాది జనం వస్తారు. ప్రసాదాలు, టిఫిన్లు పంచే ప్రతి పందిరి దగ్గర ఎంగిలికి ఒక డ్రమ్ము, సీసాలకు ఒకటి, కప్పులకు, ప్లేట్లకు ఒకటి పెట్టి, పక్కన ఒక మనిషిని నిలబెట్టాలి. మనిషి లేని డ్రమ్ములో గంటలోపే అన్నీ కలిసిపోతాయి. ఈ ఏర్పాటుకు పందిళ్ళ అనుమతి పత్రంలోనే షరతు పెట్టేలా పండుగకు ముందే ఉత్తర్వులు ఇప్పించగలరు.

ఇట్లు,
చెత్త వేరుచేత, కంపోస్టు పనులు తెలిసిన విజయనగరం పౌరులు