తీస్తే లక్ష

లెస్టర్, ఇంగ్లాండ్,
శనివారం రాత్రి

ఒరే మామా,

మొన్న ఫోన్లో నువ్వు అడిగిన వేప్, అదే నికోటిన్ ఆవిరి పీల్చే ఎలక్ట్రానిక్ సిగరెట్, నేను తేను. తేలేను. "పెన్ను సైజే కదరా, సాక్సుల్లో చుట్టి పెట్టెలో పడేయ్" అన్నావు. పెన్ను సైజే, కాదనను. కానీ 2019లోనే మన దేశంలో దాన్ని పూర్తిగా నిషేధించారు. చెయ్యకూడదు, అమ్మకూడదు, బయటి నుంచి తేకూడదు. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదంటే లక్ష దాకా జరిమానా, వాళ్లకి మండితే రెండూ. రెండోసారికి మూడేళ్ల దాకా, ఐదు లక్షల దాకా. శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్ల ముందు సాక్సులు విప్పుకుంటూ నిలబడే ఓపిక నాకు లేదురా.

అక్కడితో ఫోన్ పెట్టేశాను గానీ, నువ్వు మాట్లాడుతూ డాబా మెట్లెక్కినప్పుడు వినిపించిన ఆ ఆయాసం మాత్రం చెవిలో ఉండిపోయింది. పన్నెండు మెట్లు. లెక్క నాకు తెలుసు, ఆ మెట్ల మీద కూర్చునే కదా ఇద్దరం మొదటి సిగరెట్ కాల్చింది. మీ నాన్న వస్తున్నాడని నువ్వు దాన్ని జేబులో పెట్టుకుంటే చొక్కా కాలింది. గుర్తుందా?

నేను సిగరెట్ మానేసి ఏడేళ్లు దాటింది. మా అమ్మకి మొదట ఈ సంగతి చెప్పినప్పుడు, "సిగరెట్ మానేశానమ్మా, ఇప్పుడు వేప్ తాగుతున్నా" అన్నాను. ఆవిడ వేప అనుకుంది. "మంచి పని చేశావురా, ఒంటికి చలవ, పరగడుపునే తాగు" అంది. ఆర్నెల్లు అదే నమ్మకంలో ఉండి, ఊళ్లో అందరికీ చెప్పింది. తర్వాత వీడియో కాల్‌లో నా ముక్కులోంచి ఆవిరి రావడం చూసి అసలు సంగతి కనిపెట్టింది. అది వేరే కథలే.

మానడం ఎట్లా జరిగిందో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. రోజుకో పెట్టె కాల్చే రోజులవి. ఇక్కడి కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) వాళ్లకి సిగరెట్ మాన్పించే సర్వీసు ఒకటి ఉంది. ఒకావిడ నా చేతికి చిన్న మిషన్ ఇచ్చి, గొట్టంలోకి ఊదమంది. 27 అని చూపించింది. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ అంట అది. "నువ్వు కారు పొగ గొట్టానికి నోరు పెట్టినట్టే" అని మెల్లగా నవ్వింది. అంతకుముందు ఒంటికి అంటించుకునే నికోటిన్ పట్టీలు వాడి చూశాను, భుజం దద్దుర్లు తేలింది తప్ప చెయ్యి పెట్టె వైపు పోవడం ఆగలేదు. ఈసారి వేప్ పట్టుకున్నా. నాలుగు వారాలకి మళ్లీ ఊదితే 2. ఆ రెండు అంకెను ఫోటో తీసి పెట్టుకున్నానంటే నువ్వు నవ్వుతావు. మొదట మిల్లీలీటరుకి 18 మిల్లీగ్రాముల నికోటిన్, తర్వాత 12, తర్వాత 6, ఇప్పుడు 3. మెట్లు దిగినట్టు దిగుతూ వచ్చాను. ఇంకో మెట్టు దిగితే సున్నా.

సరిగ్గా ఇక్కడే ప్రభుత్వం వారు వచ్చి నా కాలికి తాడు కట్టారు.

2026 అక్టోబరు 1 నుంచి ఈ దేశంలో వేప్ లిక్విడ్ మీద కొత్త సుంకం. ప్రతి 10 మిల్లీలీటర్లకీ 2 పౌండ్ల 20 పెన్నీలు. దాని మీద మళ్లీ 20 శాతం వ్యాట్. పన్ను మీద పన్ను. అంటే 2 పౌండ్ల 64 పెన్నీలు. నువ్వేమంటావో తెలుసు, "మత్తు సరుకు మీద పన్నెయ్యని దేశం ఎక్కడుందిరా?" అని. నిజమే. 1604లోనే వీళ్ల జేమ్స్ రాజు పొగాకు మీద సుంకాన్ని పౌను బరువుకి 2 పెన్నీల నుంచి ఒక్క దెబ్బకి 6 షిల్లింగుల 10 పెన్నీలకి పెంచాడు. పన్ను అనగానే నాకేం ఒళ్లు మండదు. నాకు మండేది దాన్ని వేసిన తీరు.

నికోటిన్ ఎంతుందని చూడరట. లిక్విడ్ ఎంతుందో చూసి పన్ను వేస్తారట. నా లెక్క విను. నేను సున్నా నికోటిన్ ఉన్న 50 మిల్లీలీటర్ల సీసా కొని, అందులో 18 బలం ఉన్న 10 మిల్లీలీటర్ల చిన్న సీసా కలుపుకుంటా. అప్పుడు 60 మిల్లీలీటర్లు, బలం 3. మూత బిగించి, దగ్గు మందు సీసాలాగా బాగా ఊపి, ఒక రాత్రి పక్కన పెడతా. పది రోజులొస్తుంది. దాని మీద కొత్త సుంకం, వ్యాట్‌తో కలిపి, 15 పౌండ్ల 84 పెన్నీలు. ఇప్పుడు సీసా మొత్తం ఖరీదే అంత లేదు! మా ఆఫీసులో ఇంకో కుర్రాడున్నాడు, 20 బలం ఉన్నది రోజుకి 2 మిల్లీలీటర్లు పీలుస్తాడు. పది రోజులకి వాడి సుంకం 5 పౌండ్ల 28. వాడు రోజుకి వాడేది 40 మిల్లీగ్రాముల నికోటిన్, నేను వాడేది 18. సగం కూడా లేని నాకు మూడు రెట్ల పన్ను. పలుచన చేసుకుంటూ మానే దారిలో ఉన్నవాడి మీదేరా బరువంతా. పాలకంటే మజ్జిగ మీద పన్నెక్కువ వేసినట్టుంది. నీళ్లెక్కువ కదా మరి!

తమాషా ఏంటంటే, దీన్ని మొదట ప్రకటించింది 2024 మార్చిలో, పాత ప్రభుత్వం. అప్పటి ఆర్థిక మంత్రి జెరెమీ హంట్ మూడు మెట్లు పెట్టాడు: నికోటిన్ లేకపోతే 10 మిల్లీలీటర్లకి ఒక పౌండు, తక్కువుంటే రెండు, ఎక్కువుంటే మూడు. ఆ లెక్కన నా సీసాకి వ్యాట్ కాక 8 పౌండ్లు అయ్యేది. తర్వాత వచ్చిన రేచెల్ రీవ్స్ అదే ఏడాది అక్టోబరు బడ్జెట్‌లో మెట్లన్నీ తీసేసి అందరికీ ఒకటే రేటు పెట్టింది, అదే సీసాకి 13 పౌండ్ల 20. అమ్మేవాళ్లకీ, వసూలు చేసేవాళ్లకీ సులువు. నిజం చెప్పాలంటే హంట్ పద్ధతిలోనూ లొసుగుంది. కొత్తగా మానేవాడికి మొదట్లో బలమైనదే కావాలి, ఆ మెట్ల లెక్కలో వాడికి దెబ్బ. నన్నడిగితే నికోటిన్ లేనిదాన్ని వదిలెయ్యాలి, మిగతాదానికి కొంచెం వేసుకోవాలి. నన్నెవడడుగుతాడు.

సిగరెట్ మీద కూడా అదే రోజు పెంచుతున్నాం, తేడా తగ్గనివ్వం అంటున్నారు. ఆ పెంపు కూడా చూశాను. వంద సిగరెట్లకి 2 పౌండ్ల 20. ఇరవై ఉన్న పెట్టెకి వ్యాట్‌తో 53 పెన్నీలు పెరుగుతుంది. నా చిన్న సీసాకి 2 పౌండ్ల 64. నేను సీసాలు కొనే గుజరాతీ ఆయన షాపులో ఇప్పుడు చిన్న సీసాలు ఐదు కలిపి 10 పౌండ్లు, అంటే ఒక్కోటి రెండు పౌండ్లు. సరుకు రెండు, సుంకం రెండున్నర పైన. పాత ప్రభుత్వమైతే 2023లో పది లక్షల మంది పొగతాగేవాళ్లకి వేప్ కిట్లు ఉచితంగా ఇస్తామని పథకం పెట్టింది. నికోటిన్ గమ్ము, పట్టీల మీద వ్యాట్ 5 శాతమే ఉంచారు, వేప్ మీద ముందు నుంచీ 20. సిగరెట్ మాన్పించడంలో పట్టీలకంటే నికోటిన్ ఉన్న వేప్‌లే ఎక్కువమందికి పనికొస్తున్నాయని వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ వాళ్ల సమీక్షలో గట్టిగానే తేలింది. ఒక చేత్తో కిట్టిచ్చి ఇంకో చేత్తో జేబు తడుముతుంటే ఏ చెయ్యి నమ్మాలిరా?

ఇంట్లో మాత్రం నాకు మద్దతు లేదు. మీ చెల్లెలు పన్ను పక్షం. మా అమ్మాయి బళ్లో బాత్రూముల్లో స్ట్రాబెర్రీ వాసన వస్తుందట, మధ్యాహ్నానికల్లా గుమ్మైపోతుందట. "నీ సీసా మూడు రెట్లు పెరిగినా నాకు ఫరవాలేదు, అది పిల్లల చేతిలోకి రాకుండా ఉంటే చాలు" అంటుంది. ఈ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ధర పెరిగితే పిల్లలు కొంత తగ్గుతారు, ఒప్పుకుంటా. పదహారేళ్ల పిల్లలు 60 మిల్లీలీటర్ల సీసా కలుపుకుని ఊపుకుంటూ కూర్చోరు గదా అని మాత్రం అంటాను. వాళ్లు కొన్నది ఐదు పౌండ్ల రంగురంగుల ప్లాస్టిక్ పుల్లలు, వాడి పారేసేవి. అవి 2025 జూన్ 1 నుంచి నిషేధం. ఆ నిషేధానికి నేను చప్పట్లు కొట్టాను. ప్రతి పుల్లలో ఒక లిథియం బ్యాటరీ, తాగి చెత్తబుట్టలో వేస్తే చెత్త లారీలు అంటుకుంటున్నాయి. కంపెనీలేం చేశాయో తెలుసా? అదే పుల్లకి కింద ఛార్జింగ్ కన్నం పెట్టి, పైన లిక్విడ్ ఉండే పాడ్ మార్చుకునేలా చేసి, అదే రంగులో అదే షెల్ఫులో పెట్టేశాయి. కొనేవాళ్లు ఎప్పట్లాగే పారేస్తున్నారు. పద్దెనిమిది లోపు వాళ్లకి అమ్మడం ఎప్పటి నుంచో నేరమే, ఆ నేరం చేసేవాణ్ని పట్టుకోవడానికి మనుషులు కావాలి. పన్ను వెయ్యడానికైతే కాగితం చాలు.

గుజరాతీ ఆయనన్నాను కదా, వాళ్ల కుటుంబం 1972లో ఉగాండా నుంచి అక్కడి నియంత ఈదీ అమీన్ వెళ్లగొడితే ఈ ఊరొచ్చింది. ఈయన షాపులో 18 దాటినట్టు కాగితం చూపించకపోతే బయటికే. మొన్న వెళ్తే పాపం దిగాలుగా ఉన్నాడు. "నేను సుంకం స్టాంపు ఉన్న సరుకే అమ్ముతా, మూడో షాపువాడు కౌంటర్ కింద నుంచి అమ్ముతాడు, నువ్వు ఎవరి దగ్గరికెళ్తావు?" అనడిగాడు. నీ దగ్గరికే అన్నాను. నవ్వాడు, నమ్మలేదు. మెల్‌బోర్న్‌లో మా పిన్ని కొడుకు ఉన్నాడు కదా, వాడు చెప్పేది వింటే ఈయన భయం ఊరికే కాదనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో సిగరెట్ మీద పన్ను ప్రపంచంలోనే బాగా ఎక్కువ ఉన్నవాటిలో ఒకటి, వేప్‌లు 2024 జులై నుంచి మందుల షాపులో తప్ప అమ్మకూడదు. ఫలితం? దొంగ సరుకు ముఠాలు బజారు పంచుకున్నాయి. 2023 నుంచి వాళ్ల కొట్లాటలో తగలబడ్డ దుకాణాలు, ఎక్కువగా మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలోనే, వందకు పైమాట. వాడి వీధి చివర షాపు కూడా ఒక తెల్లవారుజామున కాలిపోయింది. పక్కన లాండ్రీ వాడిదీ పోయింది, వాడేం పాపం చేశాడు.

నువ్విదంతా చదివి, "వాడు పీల్చేది వదలలేక ఏడుస్తున్నాడు" అనుకుంటావు. కొంత అదే. ఆవిరి పీల్చడం మంచిదని నేననను, అలవాటు లేనివాడు దాని జోలికే పోకూడదు. ఇరవై ఏళ్లు పీలిస్తే ఏమవుతుందో చెప్పగలిగినవాడు ఇంకా లేడు. సిగరెట్‌తో పోల్చినప్పుడు మాట మారుతుంది, అంతే.

మన దేశం సంగతి ఇంకా వింత. నువ్వు పండించే పొగాకు బేళ్లు వేలం వేసే పొగాకు బోర్డు కేంద్ర ప్రభుత్వానిదే, గుంటూరు ఆఫీసు. ఎల్‌ఐసీ చేతిలో సిగరెట్ కంపెనీ షేర్లు. మీ సందు మొదట్లో బంకులో పదేళ్ల పిల్లాడికీ అందే ఎత్తులో విడి సిగరెట్లు. నా సీసాలో నికోటిన్ కూడా పొగాకు ఆకులోంచి తీసిందే, ఎవరికి తెలుసు, ఏ రైతు ఆకో. ఆకు కాల్చి పీలిస్తే పన్ను కట్టి పీల్చొచ్చు, కాల్చకుండా పీల్చేది అమ్మినా, తెచ్చినా జైలు.

సరే, నీ పని చూద్దాం. మందుల షాపులో 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ చీటీ లేకుండానే ఇస్తారు. బబుల్‌గమ్‌లా నమిలి పారెయ్యకు, వెక్కిళ్లొస్తాయి. మెల్లగా నమిలి, నాలుక చురుక్కుమనగానే చిగురుకీ బుగ్గకీ మధ్య పెట్టెయ్. మంట తగ్గాక మళ్లీ నమలు. అరగంట. ముందు టీ తాగకు, పని చెయ్యదు. ఆ ఆయాసం సంగతి మాత్రం ఈ వారంలోనే డాక్టరుకి చూపించుకో, చూపించి నాకు ఫోన్ చెయ్. మరదలికి చెప్పొద్దని నువ్వంటే నేను చెప్తా.

ఫిబ్రవరిలో వస్తున్నా. అప్పటికి ఆకు కోత మొదలవుతుంది కదా. రాత్రి ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గరే పడుకుందాం, పచ్చాకు పసుపెక్కేటప్పుడు వచ్చే ఆ తీపి వాసన ఇక్కడ ఏ సీసాలోనూ దొరకలేదు నాకు. నువ్వు నీ గమ్ నములుకో. నేను జేబులోంచి ఏమీ తియ్యను. తీస్తే లక్ష.

నీ
దోస్తు